పోర్షే బాక్స్‌టరా, నిస్సాన్ 350జెడ్డా, మాజ్డా ఎంఎక్స్-5నా: ఓ మోస్తరు బడ్జెట్‌లో పాత స్పోర్ట్స్ కారు

మీరు రాసినదాన్ని బట్టి మీ బడ్జెట్‌లో మూడు కార్లు దొరుకుతున్నాయి: తొలి తరం పోర్షే బాక్స్‌టర్, నిస్సాన్ 350జెడ్, రెండో తరం మాజ్డా ఎంఎక్స్-5. మూడింటి ధరా అటూ ఇటూగా ఒకటే. రోజూ తిరగడానికి వేరే కారు ఉంది, ఇది సెలవు రోజుల్లో సరదాగా నడుపుకోవడానికి. అదే డబ్బుకు పోర్షే వస్తుంటే మాజ్డా ఎందుకు కొనాలి అన్నది మీ ప్రశ్న.

ఎందుకంటే కారు పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది గానీ, దాని విడిభాగాల ధర పడిపోదు. కొత్తగా ఉన్నప్పుడు బాక్స్‌టర్ ఎంఎక్స్-5 కంటే ఎంతో ఖరీదైన కారు. ఇరవై ఏళ్ల తర్వాత రెండూ ఒకే రేటుకు చేతులు మారుతున్నాయంటే, తగ్గింది కొనుగోలు ధర ఒక్కటే. బ్రేకు డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, వాటర్ పంపు, క్లచ్ అన్నీ ఇప్పటికీ ఖరీదైన కారు రేట్లలోనే ఉంటాయి. కూలీ కూడా అంతే. బాక్స్‌టర్‌లో ఇంజిన్ సీట్ల వెనక దాగి ఉంటుంది. ముందు బానెట్ తెరిస్తే సామాను పెట్టుకునే చోటు, వెనక డిక్కీ తెరిస్తే మళ్లీ సామాను పెట్టుకునే చోటు. పెద్ద పని ఏదైనా కారును లిఫ్ట్ మీదకు ఎత్తి కింది నుంచి చేయాల్సిందే. అదే ఎంఎక్స్-5 అయితే బానెట్ ఎత్తగానే ఇంజిన్ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, మామూలు పనిముట్లతో చాలా పనులు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే. మీ దగ్గరున్న మొత్తంలో కనీసం నాలుగో వంతు పక్కన పెట్టేసి, మిగిలినదాంట్లోనే కారు వెతకండి. బాక్స్‌టర్ లాంటి కారైతే మూడో వంతు పక్కన పెట్టండి. మొదటి ఏడాది టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, ఇంజిన్ మొదలు డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దాకా అన్ని ఆయిళ్లు, కూలెంట్, అరిగిపోయిన సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), వీటిలో సగమైనా మార్చాల్సి వస్తుంది. చేతిలో ఉన్నదంతా కారు మీదే పెట్టేస్తే, మూడో నెలలో క్లచ్ జారడం మొదలైనప్పుడు దాన్ని ఓ మూల నిలబెట్టాల్సి వస్తుంది. అలా నిలబడిన కారు ఇంకా త్వరగా పాడవుతుంది.

బాక్స్‌టర్ మీద మీకు మనసు ఉందని తెలుస్తోంది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. నిజంగా గొప్ప కారు. ఇంజిన్ మధ్యలో ఉండటం వల్ల మలుపుల్లో అది కుదురుగా, తేలిగ్గా తిరిగే తీరు ఈ ధరలో మరే కారులోనూ దొరకదు. 986 అనే ఈ తరం 1996 నుంచి 2004 వరకు వచ్చింది. మొదట 2.5 లీటర్ల ఇంజిన్, ఆ తర్వాత 2.7, ఎస్ మోడల్‌లో 3.2. అన్నీ ఆరు సిలిండర్ల బాక్సర్ ఇంజిన్లే, అంటే సిలిండర్లు రెండు వైపులా అడ్డంగా పడుకుని ఉండే రకం. అందరూ భయపడేది ఐఎంఎస్ బేరింగ్ గురించి. ఇంజిన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు కదలిక అందించే ఒక మధ్య షాఫ్ట్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్, అదే ఐఎంఎస్) ఉంటుంది. దాని ఒక కొనను మోసేది ఈ బేరింగే. లోపల గ్రీజు నింపి సీల్ చేసిన రకం. కాలక్రమంలో సీలు పాడై గ్రీజు పోతే బేరింగ్ అరుగుతుంది. అరిగి విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు, పిస్టన్లు ఢీకొంటాయి. అక్కడితో ఇంజిన్ పని అయిపోయినట్టే.

అన్ని బాక్స్‌టర్లకూ ఈ ప్రమాదం ఒకే స్థాయిలో లేదు. తొలి ఏళ్ల ఇంజిన్లలో రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగ్ పెట్టారు, అది కాస్త గట్టిది. 2000 ప్రాంతం నుంచి 2005 దాకా ఒకే వరుస ఉన్న చిన్న బేరింగ్ వచ్చింది, ఎక్కువ గొడవ దీనితోనే. 2006 నుంచి 2008 వరకు వచ్చిన తర్వాతి తరం కార్లలో పెద్ద బేరింగ్ పెట్టారు. అది పాడవడం తక్కువే, కానీ ఇంజిన్‌ను పూర్తిగా విప్పకుండా మార్చలేరు. 2009 మోడల్ నుంచి కొత్త ఇంజిన్ వచ్చింది, అందులో ఆ షాఫ్టే లేదు. మీ బడ్జెట్ 2009 దాకా సాగదు కాబట్టి, 986 చూస్తే అమ్మే ఆయన్ను అడగాల్సింది ఇదీ: క్లచ్ ఎప్పుడు మార్చారు, అప్పుడు ఈ బేరింగ్ కూడా మార్చారా? క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ బేరింగ్ చేతికి అందుతుంది. కాబట్టి జాగ్రత్త తెలిసిన ఓనర్ ఆ రెండు పనులూ ఒకేసారి చేయిస్తాడు. మాట చాలదు, బిల్లు కావాలి. బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్కగట్టి ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. అమ్మే ఆయన ఒప్పుకుంటే ఇంకో పరీక్ష కూడా ఉంది: ఆయిల్ ఫిల్టర్ విప్పి దాని మడతల్లో మెరిసే లోహపు రజను ఉందేమో చూడటం. రజను కనిపిస్తే ఆ కారు గురించి ఇక ఆలోచించకండి.

ఇదే కారులో ముందు బంపర్ రంధ్రాల్లోకి టార్చ్ వేసి చూడండి. రేడియేటర్లు అక్కడే, బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. అక్కడ ఎండుటాకులు పేరుకుంటే, వాటిలో నిలిచిన తేమ రేడియేటర్ రేకులను తినేస్తుంది. ఆకులు కుక్కుకుని ఉంటే, ఆ ఓనర్ పైపైన కడిగించాడే తప్ప కారును లోపల పట్టించుకోలేదని అర్థం.

350జెడ్ కథ వేరు. 2002 నుంచి 2008 వరకు వచ్చిన ఈ కారులో 3.5 లీటర్ల వీ6 ఇంజిన్ మొండి ఘటం. సక్రమంగా ఆయిల్ మారుస్తూ పోతే చాలా దూరం వస్తుంది. 2005, 2006 మోడళ్లలో మాన్యువల్ గేర్లతో వచ్చిన కొన్ని ఇంజిన్లకు ఆయిల్ తాగే అలవాటు ఉంది. 2007లో వచ్చిన కొత్త హెచ్ఆర్ ఇంజిన్‌తో అది తగ్గింది. దాన్ని గుర్తుపట్టడం సులువు, బానెట్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. 350జెడ్ విషయంలో నా భయం కారు గురించి కాదు, ఇంతకుముందు దాన్ని నడిపినవాళ్ల గురించి. వెనక చక్రాలు తిప్పే శక్తిమంతమైన కారు చవగ్గా దొరికితే డ్రిఫ్టింగ్ (వెనక చక్రాలు జారేలా కారును పక్కకు నడపడం) చేసేవాళ్లే ఎక్కువ కొంటారు. వెనక చక్రాల దగ్గర బాడీ లోపలి అంచుల్లో కరిగి అతుక్కున్న రబ్బరు ముక్కలు, కోసి పొట్టి చేసిన స్ప్రింగులు, వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్, ఏ కంపెనీదో తెలియని పెద్ద సైలెన్సర్, వీటిలో రెండు కనిపిస్తే చాలు, బేరమాడకుండా వచ్చేయండి. మార్పులేవీ చేయని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న 350జెడ్ దొరకడం కష్టమే. అలాంటిది దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు. ముందు టైర్ల లోపలి అంచు మాత్రం చేత్తో తడిమి చూడండి. ముందు సస్పెన్షన్ బుష్‌లు అరిగితే ఆ అంచు రంపపు పళ్లలా తయారవుతుంది.

ఇక నా ఓటు ఎంఎక్స్-5కే, అందులో నాకు సందేహం లేదు. 1989లో వచ్చింది, 2016లో తయారీ పది లక్షల మార్కు దాటింది. టాపు తీసే, ఇద్దరు కూర్చునే చిన్న స్పోర్ట్స్ కార్లలో (రోడ్‌స్టర్లలో) ఇంతకంటే ఎక్కువ అమ్ముడైనది లేదు. అన్ని కార్లు రోడ్ల మీద ఉన్నాయి కాబట్టే విడిభాగాలు దండిగా దొరుకుతాయి, దాన్ని తెలిసిన మెకానిక్‌లూ దొరుకుతారు. మొదటి తరం 1997 దాకా, రెండో తరం 1998 నుంచి 2005 దాకా, మూడోది 2005 నుంచి, నాలుగోది 2015 నుంచి. మొదటి రెండు తరాల బరువు సుమారు ఒక టన్ను. తొలి 1.6 లీటర్ల ఇంజిన్ ఇచ్చేది 115 హార్స్‌పవర్ మాత్రమే. కాగితం మీద చూస్తే నీరసంగా అనిపిస్తుంది, తెలుసు. కానీ ఒకసారి నడిపి చూడండి. రెండో గేర్లో ఇంజిన్‌ను పైదాకా తిప్పి, మూడో గేర్ వేసి, మలుపు ముందు బ్రేకు నొక్కి మళ్లీ రెండో గేర్‌కు వచ్చే సుఖం మొత్తం మామూలు రోడ్డు వేగంలోనే అందుతుంది. మూడొందల హార్స్‌పవర్ కారులో రెండో గేర్ పూర్తయ్యేసరికే ఎన్నో చోట్ల చట్టం ఒప్పుకునే వేగం దాటిపోతుంది. ఆ శక్తిలో మూడో వంతు వాడుకోవడానికే చోటు దొరకదు. సెలవు రోజు సరదా కోసం అన్నారు కదా, ఆ సరదా వేగంలో కంటే బరువు తక్కువగా ఉండటంలోనే ఎక్కువ ఉంది.

ఎంఎక్స్-5కు శత్రువు తుప్పు. అది ఎక్కడ పడుతుందో తెలిస్తే పది నిమిషాల్లో తేల్చేయవచ్చు. గుడ్డ టాపు మీద పడిన వాననీరు సీట్ల వెనక రెండు మూలలకు చేరి, అక్కడున్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆ గొట్టాలు మట్టితో, ఆకులతో పూడుకుపోతే నీరు డోరు కింద పొడవునా ఉండే బాక్స్‌లోకి దిగుతుంది. లోపలి నుంచి మొదలైన తుప్పు బయటికి కనిపించేసరికి సగం ఇనుము పోయి ఉంటుంది. కాబట్టి నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చోండి. వెనక చక్రానికి కొంచెం ముందు, డోరు కింద ఉండే ఆ బాక్స్ చివరి జానెడు భాగాన్ని చూడండి. పెయింట్ కింద బుడగలు ఉన్నాయా? బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోతోందా? వేలి కణుపుతో తడుతూ ముందుకు జరగండి. ఖణేల్ మనే శబ్దం ఒక్కసారిగా మందంగా మారితే అక్కడ ఇనుము బదులు పుట్టీ ఉంది. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించినా అదే తెలుస్తుంది, పుట్టీ మీద నిలవదు. కారు అడుగంతా పాతగా ఉండి, ఆ భాగానికి మాత్రమే కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే అనుమానించండి. తర్వాత సీట్ల వెనక కార్పెట్ కిందికి చేయి పోనివ్వండి, తడిగా తగిలితే గొట్టాలు పూడుకున్నట్టే. రెండో తరం కార్లలో అయితే ముందు భాగంలో బానెట్ కింద రెండు వైపులా పొడుగ్గా ఉండే ఛాసిస్ రైళ్లు కూడా చూడాలి. వాటి తుప్పు పైనుంచి కనిపించదు, కారు ఎత్తి చూడాల్సిందే.

ఇంజిన్ విషయంలో ఈ కారు పెద్దగా భయపెట్టదు. మొదటి తరంలో టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కారు ఆగిపోతుంది, అంతే. 1989-91 మధ్య వచ్చిన తొలి 1.6 ఇంజిన్లలో మాత్రం క్రాంక్ ముందు కొన పొట్టిగా ఉండి, పుల్లీ వదులై, దాన్ని షాఫ్ట్‌కు పట్టి ఉంచే కీ అనే చిన్న లోహపు ముక్కను తినేసే సమస్య ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ముందు పుల్లీ అటూ ఇటూ ఊగుతోందేమో చూస్తే తెలుస్తుంది.

మీరు అడగకపోయినా రెండు మాటలు. అప్పుడప్పుడు వెనక సీటు కావాలంటే 2012లో వచ్చిన టొయోటా 86, దాని జోడీ సుబారు బీఆర్‌జెడ్ చూడవచ్చు. తొలి ఏళ్ల కార్లకు వాల్వ్ స్ప్రింగుల రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఉంది. ఆ పని చేయడానికి ఇంజిన్ దించి విప్పాలి కాబట్టి ఎవరు చేశారు, ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నది అడగండి. హోండా ఎస్2000 అద్భుతమైన కారే, కానీ దాని ధర ఇప్పుడు ఓ మోస్తరు బడ్జెట్‌కు అందడం లేదు. చవగ్గా దొరికిన ఎస్2000 అంటే నాకు టెన్షనే.

ఇక కారు చూడటానికి వెళ్లేటప్పుడు, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లగానే బానెట్ తెరిపించి ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు వచ్చే ఏదో శబ్దాన్నో పొగనో దాచడానికి ముందే నడిపి ఉంచారని అనుకోవచ్చు. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లటి ఆవిరి కాసేపటికి పోతే ఫర్వాలేదు, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ తియ్యటి వాసన ఉంటే కూలెంట్ లోపలికి కారుతోంది.

టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట ఉండాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక టాప్ గేర్లో, తక్కువ ఆర్‌పీఎంలో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. బండి వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం పైకి ఎగబాకితే క్లచ్ అయిపోయింది. రెండో గేర్‌కు త్వరగా వేసి చూడండి, మూడు నుంచి రెండుకు తగ్గించీ చూడండి. స్పోర్ట్స్ కార్లలో ముందుగా అరిగేది రెండో గేర్ సింక్రోనే (గేరు మెత్తగా పడేలా చేసే రింగు), అరిగితే కరకరమంటుంది. వాలు రోడ్డు దొరికితే గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేసి కాసేపు దిగనివ్వండి, కింద మళ్లీ తొక్కినప్పుడు అద్దంలో చూడండి. అప్పుడు నీలం పొగ కనిపిస్తే వాల్వ్ సీళ్లు పోయాయి. తిరిగొచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకండి. పది నిమిషాలు అలాగే తిరగనిచ్చి, ఫ్యాన్ తనంతట తాను వచ్చి ఆగుతోందా, ఉష్ణోగ్రత ముల్లు కదలకుండా ఉందా అని చూసి, ఆ తర్వాత కారు కింద నేల చూడండి. టాపు కూడా ఒకసారి తీయించి మూయించండి. మీరు ఆరడుగులు దాటిన మనిషైతే, ఎంఎక్స్-5లో కూర్చుని మోకాలు స్టీరింగ్‌కు తగలకుండా క్లచ్ తొక్కగలరో లేదో అన్నిటికంటే ముందు తేల్చుకోండి.

కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించినప్పుడు తప్పుల కోడ్లు లేవని సంతోషించి వదిలేయకండి. కోడ్లను అమ్మే ముందు చెరిపేయడం ఒక్క నిమిషం పని. కానీ అలా చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా మొదటికి వస్తాయి, కొంతకాలం నడిపితే గానీ పూర్తి కావు. అవి అసంపూర్తిగా ఉన్నాయంటే ఈ మధ్యే ఎవరో చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకో అడగండి. పోర్షే అయితే ఆ బ్రాండ్‌కు సరిపోయే స్కానర్‌తో ఇంకో సంగతీ తెలుస్తుంది: ఇంజిన్ రెడ్‌లైన్ (అది తిరగదగ్గ గరిష్ఠ వేగం) దాటి ఎన్నిసార్లు తిరిగిందో చాలా మోడళ్లలో కంప్యూటర్ లెక్క పెట్టి ఉంచుతుంది. నాలుగో గేర్ బదులు పొరపాటున రెండో గేర్ పడితే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పేస్తాయి, అప్పుడు మామూలుగా ఆ వేగం దాటనివ్వని రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు. ఆ లెక్క ఎక్కువగా ఉంటే ఎంత మెరిసే కారైనా నాకు వద్దు.

టైర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లలో గాడి లోతుగానే కనిపిస్తుంది గానీ రబ్బరు ఎండి గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద అది చాలా ప్రమాదం. నాలుగు టైర్లు నాలుగు చవక కంపెనీలవి అయితే, కనిపించని చోట ఆయిల్ విషయంలోనూ ఓనర్ అలాగే సరిపెట్టి ఉంటాడు.

కిలోమీటర్లు తక్కువ తిరిగిందన్న ఒక్క మాటకు పడిపోకండి. ఏళ్ల తరబడి గ్యారేజీలో నిలబడిన కారులో రబ్బరు సీళ్లు ఎండుతాయి, బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, బుష్‌లు పగుళ్లిస్తాయి. లక్షా ఇరవై వేలు తిరిగి, బిల్లులన్నీ ఫైలులో వరసగా పెట్టుకున్న కారును, నలభై వేలు మాత్రమే తిరిగి ఒక్క కాగితమూ లేని కారు కంటే నేను ధైర్యంగా కొంటాను. బిల్లులు చూసేటప్పుడు తేదీతో పాటు కిలోమీటర్లు కూడా వరసగా పెరుగుతూ వస్తున్నాయా అని చూడండి. ఓడోమీటర్ వెనక్కి తిప్పారేమో అక్కడే బయటపడుతుంది.

కారు నచ్చాక, డబ్బు ఇచ్చే ముందు, ఆ మోడల్ మీద పనిచేసిన మెకానిక్‌తో చూపించండి. ఆ మెకానిక్‌ను మీరే ఎంచుకోవాలి, అమ్మే ఆయన చూపించినవాడు కాదు. సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో చూసే కంప్రెషన్ టెస్ట్, ఆ ఒత్తిడి ఎంత కారిపోతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ రెండూ చేయించండి. సిలిండర్లన్నీ దాదాపు సమానంగా ఉండటమే ముఖ్యం, ఒక్కటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే లోపల పని ఉంది. పెయింట్ మందం కొలిచే మీటరు కూడా పెట్టించండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా వంద, నూట యాభై మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క ప్యానెల్ మీద మూడొందలు దాటితే మళ్లీ పెయింట్ వేశారు, అంతకు ఎన్నో రెట్లు ఉంటే కింద పుట్టీ ఉంది. పరీక్షకు ఒప్పుకోని ఓనర్‌తో వాదించకండి, ఇంకో కారు చూసుకోండి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా ఈలోపే అడిగేయండి, ఇద్దరు కూర్చునే కార్లకు అది ఊహించినదానికంటే ఎక్కువ ఉండవచ్చు.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ అన్నీ మార్పించండి. పాత ఓనర్ మార్చానని చెప్పినా సరే. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయి, అది మార్చిన బిల్లు చేతికి రాకపోతే దాన్ని కూడా వాటర్ పంపుతో కలిపి మార్పించండి. ఆ రోజు కిలోమీటర్ల రీడింగ్ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, మొదటి వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాకా పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయిల్ లెవెల్ చూడండి. ఇంజిన్ ఎంత ఆయిల్ తాగుతోందో ఆ నోట్‌బుక్‌లోనే మీకు తెలిసిపోతుంది.